దూరపు యుద్ధం, తీరపు రొయ్య

2023 అక్టోబరులో గాజాపై యుద్ధం మొదలైన పిదప, జోర్డానులోని పెట్రాకు వచ్చే విదేశీయులు బాగా తగ్గిపోయారు. అక్కడ యుద్ధం జరగలేదు. అయినా హోటళ్ళు ఖాళీ అయ్యాయి. రాత్రి ఖాళీగా మిగిలిన గదిని మర్నాడు అమ్ముకోవటం సాధ్యం కాదు గదా!

నెల్లూరు తీరానికి జీవనాధారం యాత్రికులు కారు, రొయ్యలు. కాని పరదేశపు గిరాకీపై బ్రతకటంలో రెండూ ఒకటే. గాజాకు మద్దతుగా అంటూ యెమెన్ హూతీలు 2023 నవంబరు నుండి ఎర్రసముద్రంలో ఓడలపై దాడులు సాగించారు. అక్కడి జలసంధి పేరు బాబుల్ మందబ్. అరబ్బీలో 'రోదన ద్వారం' అని అర్థం. పేరు పెట్టినవాడెవడో ఎరిగే పెట్టాడనిపిస్తుంది. ఓడలు ఆ దారి విడిచి ఆఫ్రికాను చుట్టి పోవలసివచ్చింది. ఐరోపాకు, అమెరికా తూర్పు తీరానికి పోయే సరుకుపై కిరాయి, బీమా పెరిగాయి.

ఈ భారం ఎవరిమీద పడుతుంది? ఎగుమతిదారు గడ్డకట్టించిన సరుకును కొంతకాలం శీతల గిడ్డంగిలో దాచగలడు. ఇందుకూరుపేట, విడవలూరు రైతుకు ఆ వెసులుబాటు లేదు. గుంటలో రొయ్య ఉన్నన్నాళ్ళు మేత వెయ్యాలి, ఏరియేటర్లు తిప్పాలి. తెల్లమచ్చ వ్యాధి సోకితే మొత్తం పోతుంది. కనుక ఏజెంటు ధర తగ్గించి అడిగినా, ఆ ధరకే పట్టుబడి పట్టక తప్పదు.