ద్రాక్షగుత్తి - దాని కూర్పు, దాని ఆరోగ్యము

కిక్కిరిసి నిండిన ద్రాక్షగుత్తి మేలా, వదులుగా వ్రేలాడు గుత్తి మేలా యని మేము తరగతిలో నడిగినప్పుడెల్ల బాలురు నిండుగుత్తియే మేలందురు. అంగడిలో నది నిజము కావచ్చును. తోటలో మాత్రము కాదు.

కారణమును విచారింతము. గుత్తి బిగువుగా నున్నచో పండ్లు పెరిగినకొలది యొకదానినొకటి యొత్తుకొని తోలు చిట్లును. వాన వెలిసిన పిమ్మటను నడుమనున్న తడి త్వరగా నారదు. బొట్రైటిస్ అను బూడిదరంగు బూజు గాయముగల పండ్లను, తేమగల తావును వెదకుచుండును. ఒక పండునకు పట్టినది ప్రక్కపండున కంటును. కోతకు ముందు వానలు కురియు ఐరోపా సీమలలో నిట్లు సంవత్సరపు శ్రమ కొలది దినములలో కుళ్లిపోవుట కలదు.

పండ్ల సంఖ్య, వాని పరిమాణము, గుత్తికాడ పొడవు, తొడిమల పొడవు - వీనినిబట్టి బిగువు నిర్ణయమగును. ఇందు పెక్కు జన్యువులకు పాలు కలదు. పూతకాలపు వాతావరణమునకును కలదు. అయినను ఒక్కొకచో నొక్క జన్యువులోని స్వల్పభేదమే గుత్తిని మార్చివేయును.

ఫ్రాన్సు దేశపు ప్రాచీనరకమైన పినో న్వార్ ఇందుకు దృష్టాంతము. పైను చెట్టు కాయవలె గుత్తి బిగువుగా నుండుటచే నా పేరు కలిగెనందురు. ద్రాక్షను కొమ్మలు నాటి పెంచుదురు గనుక తల్లితీగ గుణములే పిల్లతీగలకు వచ్చును. ఐనను కాలక్రమమున నచ్చటచ్చట మార్పులు కలిగి, కొన్ని తీగలు వదులుగుత్తులు కాచెను. 2020లో జర్మనీ శాస్త్రజ్ఞులు అట్టి తీగలలో జి.ఆర్.ఎఫ్.4 అను జన్యువును పరీక్షించిరి. సామాన్యముగా కణములోని చిన్న ఆర్.ఎన్.ఏ. యొకటి యీ జన్యువు పంపు సందేశమును ఖండించి మితిలో నుంచును. అది యంటుకొను చోట మార్పు కలిగినచో ఖండన తప్పును; తొడిమలో కణములు హెచ్చి తొడిమ పొడవగును; గుత్తి వదులగును.

వదులుగుత్తి బూజును చంపజాలదు; దానికి తావు తగ్గించును. తెగులు నెదిరించు శక్తి వేరు. 1878లో అమెరికానుండి ఫ్రాన్సు చేరిన డౌనీ మిల్‌డ్యూ అను తెగులునకు 1885లో మిలార్డే పండితుడు మైలుతుత్తము, సున్నము కలిపిన మందును ప్రకటించెను. అమెరికా అడవితీగలలోనో, సహజముగనే ఆర్.పి.వి.3 అను రక్షకభాగము కలదు. తెగులు చొచ్చిన చోటి కణములు తామే చచ్చి దానిని ముందునకు సాగనీయవు. 1967లో సంకరముచేసి సాధించిన రీజెంట్ రకమున నీ గుణము కలదు. అయితే దీనిని జయించిన తెగులు కూడ ఐరోపాలో కానవచ్చెను. కావున నిప్పుడు రెండుమూడు రక్షకజన్యువుల నొకే తీగలో చేర్చుచున్నారు.

విద్యార్థులారా, ఇకమీదట వదులుగుత్తిని చూచి తక్కువగా నెంచకుడు. పండ్ల నడుమనున్న యా సందులలోనే గాలి నడచును.