సంధ్యాకాంతిలో నీటిపక్షుల పరిశీలన: అల్పవ్యయ బైనాక్యులర్ల ఎంపిక

సూర్యాపేట సమీపంలోని మూసీ జలాశయం, నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద సాగయ్యే మిర్యాలగూడ, కోదాడ వరిపొలాలు నీటిపక్షుల అధ్యయనానికి అనువైన క్షేత్రాలు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 వన్యప్రాణుల వేటను నిషేధించినందున ఇక్కడ బైనాక్యులర్ కేవలం పరిశీలనా సాధనం. అయితే చింతవక్క వంటి పక్షులు మునిమాపువేళ మేతకు బయలుదేరుతాయి. ఆ మసకవెలుతురులో ఆవర్ధనం కన్నా కంటికి చేరే కాంతియే ప్రధానం.

వస్తుకటక వ్యాసాన్ని ఆవర్ధనంతో భాగిస్తే, పరికరం నుండి వెలువడే కాంతిపుంజ వ్యాసం లభిస్తుంది. ఇది 10×25 నమూనాలో 2.5 మి.మీ., 8×40లో 5 మి.మీ., 7×50లో 7.1 మి.మీ. చీకటిలో యువకుల కంటిపాప సుమారు 7 మి.మీ. వరకు విప్పారుతుంది, 50 ఏళ్లు దాటినవారిలో సాధారణంగా 5 మి.మీ.కు పరిమితమవుతుంది. కనుక సీనియర్ అధ్యాపకునికి 7×50 అందించే కాంతిలో దాదాపు సగం వృథా. అదే 8×40లో బింబం 10×25 కన్నా నాలుగు రెట్లు ప్రకాశవంతంగా కనిపిస్తుంది.

ధర విషయానికి వస్తే, రూఫ్ పట్టకాలకు అవసరమయ్యే ఖరీదైన ప్రత్యేక పూతలు పోరో పట్టకాలకు అక్కరలేదు. పూతలేని ప్రతి గాజుతలం సుమారు 4 శాతం కాంతిని పరావర్తనం చేస్తుంది. అందుచేత ‘ఫుల్లీ మల్టీ-కోటెడ్’ అని పేర్కొన్న వాటినే ఎంచుకోవాలి. కొనేముందు పరికరాన్ని చేతిదూరంలో ఉంచి, సూర్యుడు లేని దిక్కున ఆకాశం వైపు పట్టి చూడాలి. అక్షికటకంలోని కాంతివలయం నిండు వృత్తంగా కాక, అంచులు మసకబారి చతురస్రంగా కనిపిస్తే ఆ పట్టకం కాంతిని నష్టపరుస్తున్నట్లే. పరిమిత నిధులున్న జంతుశాస్త్ర విభాగాలకు ఈ పరీక్షలో నెగ్గిన 8×40 పోరో నమూనా సముచితమైన ఎంపిక.