పంటి కింద తెగిన నులక

కేరళ తీరాన కొచ్చిన్‌లోని మట్టాంచేరిలో 1568లో కట్టిన యూదుల ప్రార్థనా మందిరం ఉంది. నేల మీద చైనా నుంచి తెచ్చిన నీలిరంగు పలకలు, పైన వేలాడే గాజు దీపాలు చూడటానికి యాత్రికులు వస్తూనే ఉంటారు. వెయ్యేళ్ళ కిందట చేర రాజు భాస్కర రవివర్మ యూదుల పెద్ద జోసెఫ్ రబ్బాన్‌కు రాసిచ్చిన రాగిరేకులను కూడా కొచ్చిన్ యూదులు తరతరాలుగా భద్రపరుచుకున్నారు. మలయాళం మాట్లాడుతూ, మిరియాల వ్యాపారం చేసుకుంటూ శతాబ్దాలపాటు ఆ తీరంలో బతికిన చిన్న సమాజం అది. వారిలో కొన్ని కుటుంబాలకు రాగిరేకులతోపాటు మరో వారసత్వం కూడా సంక్రమించింది. అది పిల్లల నోటిలో పళ్ళు నిలవనివ్వని జబ్బు.

పుట్టినప్పుడు బిడ్డలో ఏ లోపమూ కనిపించదు. పసితనం దాటకముందే అరచేతులు, అరికాళ్ళు ఎర్రబారి, మందమై పొలుసులు కడతాయి. పాలపళ్ళు వేళకే మొలుస్తాయి. అవి వచ్చాక చిగుళ్ళు వాచి నెత్తురు కారుతుంది. పిప్పి లేని పళ్ళు, చూడటానికి ముత్యాల్లాంటి పళ్ళు ఒక్కొక్కటే కదిలి ఊడిపోతాయి. తర్వాత వచ్చే శాశ్వత దంతాలకూ అదే గతి పడుతుంది. చేతివేళ్ళు సన్నగా పొడుగ్గా సాగి, కొసల్లో ఎముక అరిగి, గోళ్ళు గద్దముక్కులా వంగుతాయి. పాదాలు చదునుగా మారతాయి. అన్నం నమలలేక, నోరారా నవ్వలేక, నలుగురిలో చేయి చాపలేక పెరగాల్సి వస్తే ఆ బిడ్డ మనసు ఎంత ముడుచుకుపోతుందో వేరే చెప్పక్కర్లేదు.

1950ల్లో కొచ్చిన్ యూదుల్లో ఎక్కువమంది ఇజ్రాయెల్‌కు తరలిపోయి, నెవాతిం వంటి వ్యవసాయ గ్రామాల్లో స్థిరపడ్డారు. సముద్రం దాటినా జబ్బు వెంటే వెళ్ళింది. 1965లో హైమ్, మంక్ అనే ఇద్దరు వైద్యులు ఒకే ఇంటి నలుగురు తోబుట్టువుల్లో ఈ లక్షణాలన్నీ చూసి వైద్య పత్రికలో రాశారు. అప్పటి నుంచి దీనికి హైమ్-మంక్ సిండ్రోమ్ అనే పేరు నిలిచింది.

పన్ను ఎలా నిలబడుతుంది?

మనలో చాలామంది పన్ను దవడలోకి నేరుగా దిగగొట్టినట్టు ఉంటుందనుకుంటాం. నిజానికి పంటి వేరుకూ ఎముకకూ మధ్య పావు మిల్లీమీటరు మందాన ఒక పొర ఉంటుంది. దాన్నిండా కొలాజెన్ అనే ప్రొటీన్ పోగులే. వాటి ఒక కొస పంటి వేరులోకి, మరో కొస ఎముకలోకి చొచ్చుకుపోయి ఉంటుంది. నులక మంచం మనిషి బరువును మోసినట్టు, నమిలేటప్పుడు పడే బరువంతా ఈ పోగులు మోస్తాయి. నులక పాతబడితే మనం మళ్ళీ అల్లుతాం. శరీరం కూడా ఈ పోగులను నిత్యం తీసేస్తూ, కొత్తవి అల్లుతూ ఉంటుంది. ఆ అల్లికకు సి విటమిన్ కావాలి. వెనకటి రోజుల్లో నెలల తరబడి పండూ కూరగాయా ఎరగకుండా ఓడల్లో తిరిగిన నావికుల పళ్ళు కదిలిపోయింది అందుకే.

కొచ్చిన్ కుటుంబాల్లో కొలాజెన్‌కు పుట్టుకతో ఏ లోపమూ లేదు. లోపమంతా దాన్ని కాచుకునే కాపలాలో ఉంది. మన తెల్ల రక్తకణాల్లో న్యూట్రోఫిల్స్ అనేవి సూక్ష్మజీవులతో పోరాడతాయి. వాటి ఆయుధాలకు పదును పెట్టే ఎంజైమ్ కెథెప్సిన్ సి. అది సరిగా పనిచేయకపోతే చిగురు అంచున చేరిన క్రిములను తరమడం కష్టమవుతుంది. శరీరం ఇంకా ఇంకా కణాలను అక్కడికి పంపుతుంది. వాపు ఆరదు. ఆ రగడలో కొలాజెన్ పోగులు తెగుతాయి, దవడ ఎముక కరుగుతుంది, పన్ను పట్టు తప్పుతుంది. పళ్ళన్నీ ఊడిపోయాక చిగుళ్ళు వాటంతటవే మానిపోతాయి. ఆ పాటికి నోరు బోసిపోయి ఉంటుంది.

ఒక్క అక్షరం

ఇలాంటి జబ్బునే 1924లో ఫ్రాన్స్‌లో పాపియోన్, లెఫెవ్ర్ అనే వైద్యులు వర్ణించారు. పది లక్షల మందిలో ఒకరి నుంచి నలుగురికి వచ్చే జబ్బు అది. దానికి మూలం కెథెప్సిన్ సి జన్యువులోని లోపమేనని 1999లో తేలింది. మరుసటి ఏడాదే హైమ్-మంక్ సిండ్రోమ్‌కూ అదే జన్యువు కారణమని పరిశోధకులు కనుగొన్నారు. జన్యు లిపిలో ఎ అనే అక్షరం ఉండాల్సిన చోట జి పడింది. దానివల్ల ఎంజైమ్‌లో 286వ స్థానంలో గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లానికి బదులు ఆర్జినిన్ వచ్చి కూర్చుంది. ఒక్క అక్షరం తప్పుకు తరాల పిల్లలు మూల్యం చెల్లించారు.

తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపపు ప్రతులూ చేరితేనే జబ్బు బయటపడుతుంది. ఒక్క ప్రతి ఉన్నవారు నిక్షేపంగా ఉంటారు. అలాంటి ఇద్దరికి పెళ్ళయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. రెండున్నర వేల మంది కూడా లేని సమాజంలో, తమలో తామే సంబంధాలు కలుపుకున్నప్పుడు అలాంటి ఇద్దరు ఎదురుపడటం తేలిక. అందులో ఎవరి తప్పూ లేదు.

ఈ మాట తెలుగువాళ్ళం శ్రద్ధగా వినాలి. మనకు మేనరికాలున్నాయి, అక్క కూతుర్ని చేసుకునే ఆచారమూ ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నాలుగింట ఒక పెళ్ళి రక్తసంబంధంలోనే జరుగుతోంది. కొచ్చిన్ వారి జన్యులోపం మనకు లేకపోవచ్చు. పాపియోన్-లెఫెవ్ర్ జబ్బు మాత్రం మన దేశంలోనూ ఉంది.

కొచ్చిన్ కుటుంబాల కష్టం వృథా కాలేదు. 2025లో అమెరికాలో అనుమతి పొందిన బ్రెన్సోకాటిబ్ అనే ఊపిరితిత్తుల మందు ఇదే కెథెప్సిన్ సి ఎంజైమ్ దూకుడుకు కళ్ళెం వేస్తుంది. దాన్ని పరీక్షించేటప్పుడు రోగుల చిగుళ్ళనూ చర్మాన్నీ ప్రత్యేకంగా గమనించారు. ఈ ఎంజైమ్ లేకపోతే ఏమవుతుందో ఇలాంటి జబ్బులతో పుట్టిన పిల్లలే ముందుగా చూపించారు.

జన్యువును సరిచేసే మందు ఇంకా రాలేదు. అయినా చేతులు ముడుచుకు కూర్చోవాల్సిన పని లేదు. జబ్బును త్వరగా గుర్తించి, పాచి, గార చేరకుండా తరచూ శుభ్రం చేయించి, అవసరమైన యాంటీబయాటిక్స్ ఇచ్చి, చెడిన పాలపళ్ళను ముందే తీసేస్తే శాశ్వత దంతాల్లో కొన్నిటినైనా నిలబెట్టవచ్చు. చర్మానికీ మందులున్నాయి. పళ్ళు పోయినవారికి కట్టుడు పళ్ళున్నాయి.

"పాలపళ్ళే కదా, మళ్ళీ వస్తాయిలే" అని మనం ఎంత తేలిగ్గా అంటామో! ఐదేళ్ళు నిండని బిడ్డకు దెబ్బ తగలకుండానే పన్ను కదిలితే ఆ మాట అనకండి. ఆ బిడ్డ అరచేతులు తడిమి చూడండి, అరికాళ్ళు చూడండి. అవి మొరటుబారి ఉంటే ఆ వారంలోనే దంతవైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళండి. మీది మేనరికమైతే ఆ సంగతి దాచకుండా చెప్పండి.