పసుపు ముద్దకు తొండమేది?

విగ్రహంలోని ప్రతి అవయవానికీ ఒక నీతి అంటగట్టడం మన వ్యాసకర్తల్లో చాలామందికి అలవాటు. వినాయకుడి చేటచెవులు ఎక్కువ వినమంటాయట, బొజ్జ అన్నిటినీ జీర్ణించుకోమంటుందట! మరి తెలుగిళ్ళలో పూజకు ముందు తమలపాకు మీద నిలిపే పసుపు గణపతి మాటేమిటి? ఆ ముద్దకు చెవులూ లేవు, తొండమూ లేదు. అయినా ఆయన్ని కొలవనిదే పెళ్ళిగాని వ్రతంగాని మొదలుకాదు.

దీని వెనకున్నది పాత భయం. మానవ గృహ్యసూత్రంలో వినాయకులంటే మనుషుల్ని పట్టి పీడించేవాళ్ళు. వాళ్ళు పడితే కన్యకు వరుడు దొరకడు, వర్తకుడికి లాభం రాదు, రైతుకు పంట దక్కదు. విఘ్నాలు కలిగించేవాడే క్రమంగా వాటిని తొలగించేవాడయ్యాడు. దేవీప్రసాద్ చట్టోపాధ్యాయ 'లోకాయత' (1959)లో గణమంటే సమష్టిగా బతికిన తెగ అని చెప్పి, ఈ మార్పును తెగల చరిత్రతో ముడిపెట్టి చూశారు. విగ్రహంలోని అన్ని వివరాలనూ ఆ సూత్రం విప్పుతుందని నేననుకోను. కాని ఎలుక పంటకు శత్రువన్న సంగతి ఏ రైతునడిగినా చెబుతాడు.

కథలో దేవుడి గూటిని వర్ణించే రచయితలు సాధారణంగా విగ్రహం దగ్గరే ఆగిపోతారు. ఉద్వాసన చెప్పాక ఆ పసుపును ముత్తయిదువులు మంగళసూత్రాలకు రాసుకుంటారు. ఆచారం పట్టే ఇళ్ళలో, తెల్లారగట్ల లేచి ప్రసాదాలకు పిండి విసిరిన వితంతువుకు మాత్రం అది అందదు.