మృదంగనాదము – రామనుగారి పరిశోధనము

శబ్దము ధ్వన్యాత్మకమనియు వర్ణాత్మకమనియు రెండు విధములని తార్కికులు చెప్పుదురు. వర్ణాత్మకమునకు భాషయు, ధ్వన్యాత్మకమునకు భేర్యాదులయందుఁ బుట్టు శబ్దమును వారు చూపు నుదాహరణములు. వైయాకరణులును భేరిని విడువలేదు. స్ఫోటము మాఱకయున్నను ధ్వనికి వృద్ధిక్షయములు కలవని చెప్పుచోట మహాభాష్యకారుఁడు భేరినే దృష్టాంతముగాఁ గైకొనెను: భేరిని కొట్టి యొకఁడు ఇరువదియడుగులు, మఱియొకఁడు ముప్పది, వేఱొకఁడు నలువది పోవునంతవఱకు దాని ధ్వని నిలుచునని యాతని తాత్పర్యము.

ఇట్లు శాస్త్రములందు దృష్టాంతముగా నిలిచిన చర్మవాద్యమునే పరీక్షావిషయముగాఁ జేసి, తన్నాదమునందలి మర్మమును లెక్కతోఁ దెలిపిన భౌతికశాస్త్రజ్ఞుఁడు సర్ చంద్రశేఖర వేంకట రామను. లోకము ఆయనను కాంతినిగూర్చిన యావిష్కారముచేత నెఱుఁగును. ఆ కీర్తి రాకమునుపు పెక్కేండ్లు ఆయన మనస్సును హరించినది నాదము. ఆ పరిశోధనము సంగీతశాస్త్రము చదువువారికే కాక ప్రాచీనగ్రంథముల యర్థము నిర్ణయించువారికిని ఉపయోగపడును గనుక నిట వివరింపఁబడుచున్నది.

రామనుగారు 1888 వ సంవత్సరము నవంబరు 7 వ తేదిని తిరుచిరాపల్లి చెంతనున్న తిరువానైక్కావలునందు జన్మించిరి. తండ్రి చంద్రశేఖర అయ్యరుగారు గణితభౌతికశాస్త్రముల బోధకులు. ఫిడేలు వాయించుటయందును ప్రీతిగలవారు. 1892 లో వారికి విశాఖపట్టణమున ఎ. వి. ఎన్. కళాశాలయందు నుద్యోగమైనందున కుటుంబము తెలుఁగుసీమకు వచ్చెను. బాలుఁడు విశాఖలోనే చదివి పదునొకండవయేట ప్రవేశపరీక్షయందుఁ గృతార్థుఁడయ్యెను. సముద్రఘోషమును తండ్రి ఫిడేలునాదమును వినుచుఁ బెరిగిన బాల్యము విశాఖదియే. పిదప మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో 1904 లో బి. ఏ. పట్టమును, 1907 లో ఎం. ఏ. పట్టమును పొందెను. విద్యార్థిదశలోనే జర్మనుపండితుఁడైన హెల్మ్‌హోల్ట్‌జు స్వరగ్రహణమునుగూర్చి రచించిన గ్రంథ మాయనకు లభించెను. తన బుద్ధిని తీర్చిన గ్రంథములను మూఁటిని పేర్కొనవలసివచ్చినపుడు ఆయన యూక్లిడు రేఖాగణితముతోడను, బుద్ధచరిత్రాత్మకమైన యాంగ్లకావ్యముతోడను దీనిని చేర్చి చెప్పిరి.

1907 లోనే ఆయన లోకసుందరమ్మగారిని వివాహమాడిరి. ఆమె వీణ వాయించు విద్యావతి. ఆ సంవత్సరమే ప్రభుత్వపు టార్థికశాఖలో నుద్యోగము దొరకి దంపతులు కలకత్తా చేరిరి. 1876 లో మహేంద్రలాల్ సర్కారుగారు స్థాపించిన విజ్ఞానపరిషత్తు అచ్చట బౌబజారువీథియం దుండెను. పగలు ప్రభుత్వపు లెక్కలు చూచి, ఉదయమునను సాయంకాలమునను ఆ పరిషత్తునందుఁ బ్రయోగములు చేయుట పెక్కేండ్లు రామనుగారి నిత్యకృత్య మయ్యెను. 1917 లో పెద్దజీతపు టుద్యోగమును విడిచి విశ్వవిద్యాలయాచార్యపదవిని స్వీకరించిరి. ఆ కాలమున ఆయన ప్రకటించిన వ్యాసములలోఁ బెక్కు నాదసంబంధమైనవి. భిక్షుకుల చేతనుండు ఏకతారనుగూర్చియు 1909 లో ఒక వ్యాసము వ్రాసిరి. వాద్య మెంత యల్పమైనను పరీక్షకు అర్హమే యని ఆయన తలంచినట్లు దీనివలనఁ దెలియుచున్నది.

ఇఁక మృదంగవిషయము. దీనిని గ్రహించుటకు ముందొక సిద్ధాంతము తెలియవలెను. బిగించిన తీఁగను మీటినపుడు పుట్టు నాదము ఒక్క స్వరము కాదు. తీఁగ మొత్తముగాఁ గంపించుటవలన మూలస్వరము పుట్టును. అదే సమయమున రెండు, మూఁడు, నాలుగు సమభాగములుగాఁ గంపించుటవలన ఉపస్వరములు పుట్టును. వీని కంపనసంఖ్యలు మూలమునకు 2, 3, 4 రెట్లు. ఇట్లు పూర్ణసంఖ్యాగుణితములగుటచేతనే యవి మూలస్వరముతోఁ గలసి యొక్క నాదమువలె వినవచ్చును. చెవి దానినే శ్రుతిగా గ్రహించును.

బిగించిన గుండ్రని చర్మమున కీ నియమము లేదు. మందము సర్వత్ర సమముగానున్న చర్మముయొక్క కంపనసంఖ్యలను గణితమువలనఁ గనుఁగొన్నచో, మూలము 1 అయినపుడు తక్కినవి 1.59, 2.14, 2.30, 2.65, 2.92, 3.16, 3.50, 3.60 అని యేర్పడును. ఇందొక్కటియుఁ బూర్ణసంఖ్య కాదు. కావున అవి యొండొంటితోఁ గలియక మొత్త మొక మ్రోఁతగా మాత్రమే తోఁచును. పాశ్చాత్యశాస్త్రకారులు చర్మవాద్యములు తాళమునకే కాని స్వరమునకుఁ దగవని చెప్పుట యిందువలననే. వారి దేశపు డోళ్లవిషయమున ఆ మాట చాలవఱకు సరియైనదే.

అయినను మన మృదంగమును గాయకుని షడ్జమునకు శ్రుతి చేయుదురు. శ్రుతి తప్పిన మృదంగమును శ్రోత యొక్క నిమిషములోఁ గనిపెట్టును. గణితము స్వరము లేదనుచున్నది, చెవి యున్నదనుచున్నది. ఇట్టిచోటఁ గొందఱు పుస్తకమును నమ్మి చెవిని త్రోసిపుచ్చుదురు. మఱికొందఱు చెవిని నమ్మి శాస్త్రమును నిందింతురు. రామనుగారు రెంటిని చేయలేదు. గణితము తప్పు గాదు. అది సమమైన చర్మమునకుఁ జెప్పఁబడినది. మృదంగపు మూఁత సమమైనది కాదు. కావున నీ రెంటి భేదమునందే రహస్య మున్నదని యూహించి పరీక్షకుఁ బూనిరి.

1920 లో శివకాళి కుమార్ అను సహాయునితోఁ గూడి ఆయన యీ విషయమును ఇంగ్లండునందలి ‘నేచర్’ పత్రికలోఁ బ్రకటించిరి; 1934 లో విస్తరించి వేఱొక వ్యాసము వ్రాసిరి. పరీక్షావిధానము సులభము. మూఁతపై సన్నని యిసుకఁ జల్లి వాయింపవలెను. చర్మము కదలుచోట్ల నుండి యిసుక తొలఁగి, కదలని రేఖలపైఁ బోయి నిలుచును. ఆ రేఖలంబట్టి యే స్వరమునకు చర్మము ఏ విధముగా విభక్తమై కంపించుచున్నదో కంటికిఁ గానవచ్చును. నాదమును చూచుటకు ఇసుకయే సాధనమైనది.

ఫలితము ఆశ్చర్యకరము. మొదటి తొమ్మిది కంపనవిధములు తొమ్మిది వేఱువేఱు స్వరముల నీయక అయిదే స్వరముల నిచ్చుచున్నవి. మొదటిది 1, రెండవది, అనఁగా సమచర్మమున 1.59 గా నుండవలసినది, 2 అయినది, 2.14, 2.30 అను రెండును 3 వద్దఁ గలసినవి, 2.65, 2.92 అనునవి 4 వద్దను, చివరి మూఁడును 5 వద్దను గలసినవి. ఇట్లు చెదరియున్న సంఖ్యలు వరుసగా 1, 2, 3, 4, 5 అయి తంత్రీనాదముతో సమానమైనవి.

దీనికిఁ గారణము మూఁత నడుమనున్న నల్లని లేపనము. ఇనుపచిట్టెపు పొడిని అన్నముతో నూఱి పొరలుపొరలుగా నద్ది, యెండించి, రాతితో రుద్ది దీనిని సిద్ధము చేయుదురు. నడుమ బరువు పెరిఁగినపుడు నడుమ నెక్కువగాఁ గదలు కంపనము మిక్కిలి మందగించును. మూలస్వరమున చర్మము నడుమనే యధికముగాఁ గదలును గనుక దాని సంఖ్యయే యెక్కువగాఁ దగ్గును. మూలము తగ్గఁగాఁ దక్కినవాని నిష్పత్తి పెరుఁగును, 1.59 రెండగుట యిట్టిది. లేపనము పలుచనైనను, మందమైనను, వెడల్పు మాఱినను ఈ పొందిక చెడును. అంచుననున్న రెండవ చర్మపు వలయము పై ఉపస్వరములను అడఁచును. చుట్టును పదునాఱు చోట్ల వారులను సరిచేయుటవలన బిగువు సమమగును. వాదకుఁడు ఉంగరపువ్రేలిని తేలికగా నానించి చూపుడువ్రేలితో అంచునఁ గొట్టుటయును అర్థరహితమైన యాచారము కాదు. ఆనిన వ్రేలు మూలస్వరమును అడఁచి, తనగుండఁ గదలనిరేఖ పోవు ఉపస్వరమును నిలుపును.

తంత్రీవాద్యములవిషయమునను రామనుగారు ఇట్టి విశేషమునే కనుఁగొనిరి. తీఁగ నే బిందువువద్ద మీటుదురో ఆ బిందువు నిశ్చలముగా నుండవలసిన ఉపస్వరములు పుట్టవని యంగ్‌పండితుని నియమము. వీణయందును తంబురయందును ఇది చెల్లకుండుటను ఆయన 1921 లోఁ బ్రకటించిరి. పుట్టరాని ఉపస్వరములు సైతము బలముగా వినవచ్చును. గుఱ్ఱముపైభాగము వాఁడిగానుండక వెడల్పై కొంచెము వంపుగా నుండుటయే దీనికి హేతువు. కంపించు తీఁగ ఆ వంపును మాటిమాటికి తాఁకుచుఁ బాయుచునుండును. తంబుర గుఱ్ఱముపైఁ జొనుపు జీవాళిపోగు చేయుపనియు నిదియే. జీవాళి యను పేరు పెట్టినవారు దాని ప్రయోజనము నెఱిఁగియే పెట్టిరని చెప్పవచ్చును.

కమానుతో వాయించు వాద్యములపై 1918 లో ఆయన రచించిన గ్రంథము విస్తృతమైనది. 1921 లో ఇంగ్లండు వెళ్లినపుడు లండనులోని సెయింటుపాలు దేవాలయపు గోపురముక్రింద గుసగుస యొకమూలనుండి మఱియొకమూలకు వినవచ్చుటను పరీక్షించిరి. వాద్యములనుగూర్చి ఆయన వ్రాసిన ప్రకరణము 1927 లో జర్మనీయుల భౌతికశాస్త్రమహాకోశమునఁ జేరెను. 1928 ఫిబ్రవరి 28 వ తేదిని ప్రకటితమైన కాంత్యావిష్కారమునకు 1930 లో నోబెలుబహుమానము లభించెను. చెదరిన కాంతియొక్క కంపనసంఖ్య, అణుసంఘాతముల కంపనమునుబట్టి మాఱుట ఆ యావిష్కారసారము. కంపనములను చిరకాలము పరిశీలించిన బుద్ధికి అది క్రొత్తదారి కాదు.

ఇఁక నీ పరిశోధనమువలన గ్రంథార్థనిర్ణయమున కగు నుపకారము విచారింపఁదగినది. నాట్యశాస్త్రమున పుష్కరవాద్యాధ్యాయమునందు మాయూరి, అర్ధమాయూరి, కార్మారవి అను మూఁడు మార్జనలు చెప్పఁబడినవి. మృజూ ధాతువునకు శుద్ధి యర్థము గనుక మార్జన మనఁగాఁ దుడుచుట యని పిల్లలకుఁ జెప్పుట సులభము. అట్లు చెప్పినచో గ్రంథ మర్థశూన్యమగును. వాద్యముఖమున నదీతీరపు నల్లమన్ను పూసి స్వరము కుదుర్చుటయే యచ్చట మార్జన. నేఁడు మృదంగపు ఎడమమూఁతకు తడిపిన రవ్వముద్ద నంటించుట ఆ సంప్రదాయమునకు సన్నిహితము. ధాత్వర్థము తెలిసినను వాద్యము తెలియనిచో పారిభాషికార్థము స్ఫురింపదు.

అట్లని భరతమునికి 1.59, 2.14 అను సంఖ్యలు తెలియునని వాదించుటయుఁ దగదు. ఆ గ్రంథమున నట్టి మాట లేదు. లేపనము స్వరమును మార్చునని వారు చెవివలన నెఱిఁగిరి. ఎంత పూసిన నెట్టి స్వరము కుదురునో తరతరములుగాఁ గనిపెట్టిరి. ఆ జ్ఞానమును కాపాడినవారిలో పండితులకంటె చర్మకారులే ముఖ్యులు. వారి పేళ్లు ఏ గ్రంథమునను లేవు. రామనుగారు ప్రాచీనులను కొనియాడినది వారి సూక్ష్మశ్రవణమును, హస్తకౌశలమును చూచియే. పూర్వులకు సర్వము తెలియుననుటయు నేమియుఁ దెలియదనుటయు రెండును పరీక్ష లేని మాటలే.

రామనుగారు 1933 లో బెంగుళూరు విజ్ఞానసంస్థకు అధ్యక్షులై, 1934 లో భారతీయవిజ్ఞానపరిషత్తును స్థాపించి, పిదప తమ పేరిటి పరిశోధనాలయమును నెలకొల్పిరి. 1954 లో బి. ఎస్. రామకృష్ణ, మన్‌మోహన్ సోంధీ అను శాస్త్రజ్ఞులు నడుమ బరువు గల చర్మమునకుఁ గణితమును సమకూర్చి, ఆయన చెవితోను ఇసుకతోను గనిపెట్టినదానిని బలపఱచిరి. 1970 నవంబరు 21 వ తేదిని రామనుగారు దివంగతులైరి. ఆయన పరిశోధించిన మృదంగము మాత్రము ప్రతిసభయందును మ్రోఁగుచునేయున్నది. గాయకుఁడు పాడుటకుమున్ను మార్దంగికుఁడు మూఁతయంచును మెల్లగాఁ దట్టి చెవియొగ్గి వినునపుడు, శాస్త్రమును సంప్రదాయమును గలసినచో నెట్లుండునో సభవారికిఁ దెలియఁగలదు.