ఆపి వినే పాఠం

తరగతిలో అర్థం కాకపోతే "మళ్లీ చెప్పండి సార్" అనడానికి మాకు నోరు పెగిలేది కాదు. మొదటి తరం చదువు అట్లాగే ఉంటది. 1982లో మొదలై 1991లో అంబేద్కర్ పేరు పెట్టుకున్న సార్వత్రిక విశ్వవిద్యాలయం రేడియోలో పాఠాలు వినిపించింది. కానీ ఖమ్మం-భద్రాచలం అడవి అంచున ఆ వేళకి మనోళ్లు మిర్చి ఏరుతూనో, తునికాకు తెంపుతూనో ఉంటే పోయిన పాఠం పోయినట్టే.

పాడ్‌కాస్ట్ అట్లా కాదు. ఆపొచ్చు, వెనక్కి తిప్పొచ్చు. కోయ మాట్లాడే ఇంట్లో పుట్టి, తెలుగుని బడిలో నేర్చుకున్న పిల్లకి ఇది చిన్న సంగతి కాదు. గంట ఉపన్యాసాన్ని సెకనుకు 32 కిలోబిట్ల లెక్కన రికార్డు చేస్తే 14 ఎంబీ చిల్లరే. భద్రాచలంలో ఒకరు దింపుకొస్తే చాలు, సిగ్నల్ అందని పల్లెలో బ్లూటూత్ మీద ఫోను నుంచి ఫోనుకి పోతుంది. చిక్కల్లా మాస్టార్లతోనే: "బోర్డు మీద చూడండి" అంటే చెవికేం కనబడుతుంది? గీసిన బొమ్మని నోటితో కూడా చెప్పాలె.