పరిశోధన పత్రం అంచున మూడవవారి వ్యాఖ్య

సేంద్రియ రసాయన శాస్త్రంలో కృషిచేసేవారికి ‘ఆర్గానిక్ సింథసిస్’ సంపుటాలు సుపరిచితాలు. 1921లో ఆరంభమైన ఈ ప్రచురణకు ఒక కఠిన నియమం ఉంది. ఒక రసాయనాన్ని తయారుచేసే పద్ధతిని ఎవరు పంపినా, సంపాదక వర్గంలోని ఒకరు తమ ప్రయోగశాలలో దానిని మళ్ళీ చేయించి చూచిన తరువాతనే అచ్చువేస్తారు. పరీక్షించినవారి పేర్లు కూడ ప్రకటిస్తారు. తక్కిన పత్రికలకు ఇంతటి ఓపిక సాధ్యం కాదు. ఇద్దరు ముగ్గురు నిపుణులు వ్రాతప్రతిని చదివి సరే అంటారు. ప్రయోగం చేసి చూడరు. అచ్చయిన తరువాత ఎక్కడో ఒక విద్యార్థి ఆ ప్రయోగం చేసి, ఫలితం రాక తల పట్టుకుంటాడు. అతని సందేహం చెప్పుకొనే చోటు ఏది?

సంపాదకునికి ఉత్తరం వ్రాయవచ్చు. అది వెలుగు చూడడానికి నెలలు పట్టవచ్చు. తాము ప్రకటించినది తప్పని తమ పత్రికలోనే ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే. అందువల్ల వ్యాఖ్యలను రచయిత చేతిలోను, పత్రిక చేతిలోను కాక మూడవవారి వద్ద ఉంచాలన్న ఆలోచన పుట్టింది. 2012లో మొదలైన ‘పబ్‌పీర్’ అటువంటిది.

దాని పనితీరు సులభం. నేటి పరిశోధన పత్రాలకు డి.ఓ.ఐ. అనే శాశ్వత సంఖ్య ఉంటుంది. ఇంటికి డోరు నంబరు వంటిది. వ్యాఖ్యలు ఆ సంఖ్య క్రింద జమ అవుతాయి. చదువరి తన కంప్యూటరులో చిన్న ప్రోగ్రాము చేర్చుకుంటే, ఏ పత్రిక పుట తెరచినా అది ఆ సంఖ్యను గుర్తించి, వ్యాఖ్యలున్నచో పైన ఒక పట్టీ వేసి చూపుతుంది. పత్రిక అనుమతి అక్కరలేదు. కాళిదాసు శ్లోకాల క్రింద కోలాచలం మల్లినాథసూరి వ్యాఖ్య అచ్చువేసినట్లే అనుకోవచ్చు. కాకపోతే మల్లినాథుడు కవి పక్షాన నిలిచి వివరించాడు. వీరు ఎక్కువగా నిలదీస్తారు.

2014 జనవరి చివర జపాన్‌లోని రికెన్ సంస్థ పరిశోధకులు ‘నేచర్’లో రెండు పత్రాలు ప్రకటించారు. ఎలుక కణాలను కొద్దిసేపు పలుచని ఆమ్ల ద్రావణంలో ఉంచితే, ఏ అవయవ కణంగానైనా మారగల మూలకణాలవుతాయని వాటి సారాంశం. లోకం అబ్బురపడింది. కొద్ది వారాలలోనే పబ్‌పీరులో పేరు చెప్పని పాఠకులు, జెల్ మీద డి.ఎన్.ఎ.ను వేరుచేసి తీసిన ఒక చిత్రంలో ఒక వరుస అతికినట్లున్నదని చూపారు. ఏప్రిల్‌లో రికెన్ విచారణ అది నిజమేనని తేల్చింది. జూలై 2న రెండు పత్రాలూ ఉపసంహరింపబడ్డాయి. మోసంలో భాగం లేదని విచారణ తేల్చిన సహరచయిత ఒకరు ఆగస్టులో ఆత్మహత్య చేసుకున్నారు. అందుకు ఈ వ్యాఖ్యలే కారణమనడం న్యాయం కాదు. వార్తాపత్రికల హోరు అంతకంటె పెద్దది. అయినా, వ్యాఖ్య వ్రాసేవాడు ఆ సంగతి మరువరాదు.

మరి పేరు దాచుకోవడం ధర్మమేనా? మిషిగన్‌లో ఒక క్యాన్సర్ పరిశోధకుడు, ఈ వ్యాఖ్యల వల్ల తన కొత్త ఉద్యోగం చేజారిందని, వ్రాసినవారి పేర్లు చెప్పించాలని 2014లో దావా వేశాడు. 2016 డిసెంబరులో రాష్ట్ర అప్పీలు కోర్టు వారి అజ్ఞాతాన్ని కాపాడింది. ఆ తీర్పు సబబే. ప్రొఫెసరు సిఫారసు మీద, విద్యార్థి వీసా మీద బ్రతుకు ఆధారపడిన పరాయిదేశపు విద్యార్థి, సంతకం పెట్టి పెద్దల తప్పు ఎత్తిచూపగలడా? ప్రవాస కుటుంబాలకు ఈ ప్రశ్న విడమరచి చెప్పనక్కరలేదు. చిత్రం కళ్ళెదుట ఉన్నప్పుడు చూపినవాని పేరుతో పని లేదు. చిత్రం చూపక నింద మాత్రమే వేసేవానికి ఆ రక్షణ అడిగే అర్హత లేదు.

పేరు పెట్టి వ్రాయించే ప్రయత్నమూ జరిగింది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థలు 2013లో ‘పబ్‌మెడ్ కామన్స్’ ప్రారంభించాయి. 2 కోట్ల 80 లక్షల పత్రాలకు నాలుగేళ్ళకు పైగా వచ్చిన వ్యాఖ్యలు సుమారు 6,000. 2018లో దానిని మూసివేశారు. ఆ వ్యాఖ్యలను ఒక కంప్యూటరు ఫైలులో భద్రపరచి, పత్రాల ప్రక్క నుంచి తొలగించారు. ఆ పత్రాన్ని నేడు పబ్‌మెడ్‌లో తెరచే విద్యార్థికి, ఒకప్పుడు దాని ప్రక్కన ఎవరో తన పేరు పెట్టి ప్రశ్న వేశారన్న సంగతి కనిపించదు.